వంకాయకు విచారణ, వడ్లకు మినహాయింపు



పాతబస్తీలో పెళ్లి విందంటే బిర్యానీ పక్కన బగారా బైంగన్ ఉండాల్సిందే. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరిన ముద్దలో, చింతపండు పులుపులో, తొడిమ ఊడకుండా మగ్గిన చిన్న గుండ్రటి వంకాయలు. మన గుత్తి వంకాయ కూరకు అది దగ్గరి చుట్టమే. ఆ వంకాయ కోసం ఒక కేంద్రమంత్రి ఆదివారం పూట ఈ ఊరొచ్చి, సంతోష్‌నగర్‌లో కూర్చుని, జనం చెప్పిందంతా విన్నారంటే ఇప్పటి పిల్లలు నమ్మకపోవచ్చు. అది 2010 జనవరి 31. చోటు కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ. అందరూ క్రిడా అంటారు. సైదాబాద్ మీదుగా రోజూ పోయి వచ్చేవాళ్లలో చాలామందికి అదొక ప్రహరీ గోడ, ఒక బోర్డు, అంతే.

మంత్రి జైరాం రమేశ్. అప్పట్లో పర్యావరణ శాఖ ఆయన చేతిలో ఉండేది. రాజ్యసభకు వెళ్లింది కూడా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే. విషయం బీటీ వంకాయ. దాన్ని పొలాల్లోకి వదలవచ్చని 2009 అక్టోబరు 14న జన్యు ఇంజనీరింగ్ అనుమతుల కమిటీ, అంటే జీఈఏసీ, తేల్చి చెప్పింది. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. మంత్రి మాత్రం తొందరపడను, జనాన్ని అడుగుతాను అన్నారు. కోల్‌కతాలో మొదలుపెట్టి బెంగళూరుతో ముగించి ఏడు నగరాలు తిరిగారు. అన్నిచోట్లా కలిపి దాదాపు 8 వేల మంది వచ్చారు. మన వంతు సంతోష్‌నగర్‌లో వచ్చింది.

అసలు ఆ వంకాయలో ఏముందో ముందు చెప్పుకుందాం. వంగతోటకు పెద్ద పీడ మొవ్వ, కాయ తొలిచే పురుగు. రెక్కల పురుగు ఆకుల మీద గుడ్లు పెట్టి పోతుంది. పిల్ల పురుగు లేత మొవ్వలోకో పిందెలోకో దూరి, దూరిన బొక్కను తన మలంతోనే పూడ్చుకుని లోపల నిశ్చింతగా కూర్చుంటుంది. ఆపైన డబ్బాలకు డబ్బాలు మందు కొట్టినా దాని ఒంటికి తగలదు. అది దూరకముందే చంపాలని రైతు ఆత్రపడతాడు. వారం తిరక్కముందే మళ్లీ పంపు భుజానికెత్తుకుంటాడు. దీనికి మహికో కంపెనీ కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి క్రై1ఏసీ అనే జన్యువును తెచ్చి వంగమొక్కలో చొప్పించడం. ఇక ఆ ప్రొటీన్‌ను మొక్కే తయారు చేసుకుంటుంది. కొరికిన పురుగు చస్తుంది. మనిషి కడుపులో అది మిగతా ప్రొటీన్లలాగే అరిగిపోతుందని కంపెనీ మాట.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఒకసారి మదన్నపేట మండీకి పోయి రావాలి. అక్కడ వంకాయల గంప ముందు కూర్చున్న ఒక పెద్దావిడను, ఇవింత నున్నగా ఎలా ఉన్నాయమ్మా అని అడిగాను. "పుచ్చుంటె గిరాకి ముట్టడు బిడ్డా. మందు కండ్లకు కనబడదు, పురుగు కనబడ్తది. అందుకే కొడ్తరు" అంది, ఒక కాయను చీల్చి నా చేతిలో పెడుతూ. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. బీటీ వంకాయను అడ్డుకున్నాం సరే, మామూలు వంకాయ మీద పడుతున్న మందును ఎవరు అడ్డుకున్నారు?

ఆనాటి చర్చలో ఇటూ అటూ మనవాళ్లే ఉన్నారు. జీఈఏసీకి దారి చూపిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడు కడప యోగివేమన విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్ ఆచార్య అర్జుల రామచంద్రారెడ్డి. పరీక్షలు సరిపోయాయని ఆ కమిటీ అభిప్రాయం. సరిపోలేదని గట్టిగా అడ్డం తిరిగింది పుష్పమిత్ర భార్గవ. హైదరాబాద్‌లో సీసీఎంబీని స్థాపించి నడిపిన శాస్త్రవేత్త. జీఈఏసీ సమావేశాలను గమనించమని 2008లో సుప్రీంకోర్టే ఆయన్ని పంపింది. పరీక్షలు కంపెనీ చేసుకుంది, లేదా కంపెనీ డబ్బిచ్చి చేయించుకుంది, స్వతంత్రమైన ప్రయోగశాల ఏదీ అని ఆయన పట్టు. ఆయన్ని విజ్ఞాన వ్యతిరేకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఈ దేశంలో జీవసాంకేతిక శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఆయనొకరు మరి.

2010 ఫిబ్రవరి 9న నిర్ణయం వచ్చింది. బీటీ వంకాయకు నిలుపుదల. ఆ ఉత్తర్వు చదివినప్పుడు నాకు నచ్చింది దాని జాగ్రత్త. ఇది విషం అని అందులో ఎక్కడా లేదు. శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు, రాష్ట్రాలు వద్దంటున్నాయి, జనానికి నమ్మకం కుదరలేదు, తరుముకొస్తున్న ఆపదేమీ లేదు, కాబట్టి ఆగుదాం అని ఉంది. వద్దన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మందుల్లేకుండా పురుగును అదుపు చేసే పద్ధతిలో ఇక్కడ లక్షల మంది రైతులు సేద్యం చేస్తున్నారని ఆ ఉత్తర్వు ప్రత్యేకంగా చెప్పింది. ఖమ్మం జిల్లా పునుకుల ఊరివాళ్లు పురుగుమందు మానేసి చూపించింది అప్పటికి ఎంతోకాలం కాలేదు. ఆ దారిని తర్వాత అదే ఉత్సాహంతో సాగనిచ్చామా అంటే, మదన్నపేట పెద్దావిడ చెప్పిందే జవాబు.

ఇక్కడొక మాట. సంతోష్‌నగర్‌లో ఆ సభ చట్టం ప్రకారం జరగలేదు, ఒక మంత్రికి తోచింది కాబట్టి జరిగింది. జన్యుమార్పిడి పంటలను మన దేశంలో నడిపించే నియమాలు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబరు 5న వచ్చాయి. సంస్థలో ఒక కమిటీ, దాని మీద పరిశోధనలను చూసే ఆర్‌సీజీఎం, ఆపైన జీఈఏసీ. మెట్లు బాగానే కట్టారు. కానీ వండుకు తినేవాళ్లను పిలిచి అడగాలన్న మెట్టు అందులో లేదు.

అంతర్జాతీయ ఒప్పందంలో మాత్రం ఉంది. జీవభద్రత మీద కార్టజీనా ఒప్పందం 2000లో కుదిరింది, 2003లో అమల్లోకి వచ్చింది. మనదేశం అందులో చేరింది. దాని 23వ అధికరణం ప్రకారం ఇలాంటి నిర్ణయాలు తీసుకునేటప్పుడు ప్రజలను సంప్రదించాలి, ఏం తేల్చారో వాళ్లకు తెలియజేయాలి. ఆ ఒప్పందంలోని దేశాలన్నీ 2012 అక్టోబరు 1 నుంచి 5 దాకా ఎక్కడ కూర్చున్నాయో తెలుసా? మన హైదరాబాద్‌లోనే, హైటెక్స్ పక్కన. వెంటనే జీవవైవిధ్య సదస్సు కూడా ఇక్కడే జరిగింది. గచ్చిబౌలిలో బయోడైవర్సిటీ జంక్షన్ అని రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకుంటామే, ఆ పేరు ఆ సదస్సుతోనే వచ్చింది. మిగిలింది పేరూ, ట్రాఫికూ. అదే అక్టోబరులో సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక నిపుణుల కమిటీ తన మధ్యంతర నివేదికలో, తిండిపంటల్లో బీటీ క్షేత్ర పరీక్షలు పదేళ్లపాటు ఆపమని చెప్పింది. అంటే అటు ప్రపంచం మన ఊళ్లో జీవభద్రత మాట్లాడుతుండగా ఇటు ఢిల్లీలో మన ఇంటి లొసుగులు బయటపడుతున్నాయి.

సరే, వంకాయ ఆగింది. అయితే బీటీ మన వంటింట్లోకి రాలేదనుకుంటే పొరపాటు. అది పత్తిలోంచి వచ్చింది. బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి దొరికింది. ఇవాళ దేశంలో పండే పత్తిలో 90 శాతానికి పైగా అదే. దూది నేతకు పోతుంది, గింజల నుంచి నూనె తీస్తారు, చెక్కను గేదెలకు పెడతారు. పత్తి గింజల నూనె రిఫైండ్ నూనెల్లో, వనస్పతిలో కలిసి మిర్చీ బజ్జీ బాణలి దాకా వస్తుంది. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీను, డీఎన్‌ఏ దాదాపు మిగలవు కాబట్టి కంగారు పడాల్సిన పనిలేదని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది మరొకటి. 2013 జనవరి 1 నుంచి, జన్యుమార్పిడి ఆహారం ఉన్న ప్రతి ప్యాకెట్ మీదా ముందువైపు పైన "జీఎం" అని ముద్రించాలని తూనికలు కొలతల నిబంధన వచ్చింది. షాలిబండలో ఒక కిరాణా కొట్టు అరల ముందు నిలబడి, నూనె ప్యాకెట్లు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. పచ్చచుక్క ఉంది, గుండెబొమ్మ ఉంది, విటమిన్ ఏ, డీ కలిపామని ఉంది. ఆ రెండక్షరాలు మాత్రం కనబడలేదు. కొట్టతను నన్ను తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ అనుకుని చాయ్ తెప్పించబోయాడు.

పత్తి ఇంకో పాఠం కూడా చెప్పింది. అనుమతి కాగితం మీద ఉంటుంది, విత్తనం సంచిలో పోతుంది. 2001లో గుజరాత్‌లో, అనుమతి రాకముందే బీటీ పత్తి వేల ఎకరాల్లో బయటపడింది. మన ఆదిలాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో, ఆంధ్రలో గుంటూరు, కర్నూలు వైపు కలుపు మందును తట్టుకునే పత్తి ఏ అనుమతీ లేకుండా తిరుగుతోంది. రైతులు బీజీ-3 అంటారు, గ్లైసెల్ విత్తనం అంటారు. బిల్లుండదు, లూజు సంచీలో దొరుకుతుంది. ఏటా జూన్ వచ్చేసరికి దాడులు, కేసులు, పీడీ యాక్టు వార్తలు. కూలి ఖర్చు మింగేస్తుంటే కలుపు మందు కొట్టి చేతులు దులుపుకోవచ్చన్న ఆశ ముందు పోలీసు భయం ఎంతసేపు నిలుస్తుంది? అదే పరిస్థితి వంకాయకూ వచ్చింది. సంతోష్‌నగర్‌లో మనం వద్దన్న బీటీ వంకాయ 2019లో హర్యానాలోని ఫతేహాబాద్‌లో ఒక పొలంలో దొరికింది. పక్కనున్న బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో దానికి దర్జాగా అనుమతి ఇచ్చేసింది. అక్కడ మందు ఖర్చు తగ్గిందని అధ్యయనాలు వచ్చాయి. అవి చదివి, మనం కూడా మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. మాట్లాడుకోకపోవడంతోనే పేచీ.

ఇక బియ్యం దగ్గరికొద్దాం. నేను మైకు ముందుకొచ్చింది దీనికోసమే.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణతో ప్రపంచంలోనే ముందుగా మేం తెచ్చిన వరి అని చెప్పుకున్నారు. రెండింటికీ తల్లివేరు మన గడ్డ మీదే ఉంది. ఒకటి మారుటేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాల నుంచి ఢిల్లీ సంస్థ చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. రెండోది బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204 నుంచి తెచ్చిన డీఆర్‌ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. దాన్ని చేసింది రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధనా సంస్థ. పాతబస్తీ పొలిమేర దాటితే అదే.

బీపీటీ గురించి మన శ్రోతలకు నేను చెప్పాలా? 1986 నుంచి ఇన్నేళ్లు సన్నన్నం అంటే అదే. దానికున్న చెడ్డపేరు రెండే. పంటకాలం ఎక్కువ, తెగుళ్లు ఎక్కువ. తెగులు సంగతి రాజేంద్రనగర్ వాళ్లూ, సీసీఎంబీ వాళ్లూ కలిసి ఎప్పుడో చూసుకున్నారు. ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఇతర వరి రకాల నుంచే సంకరం చేసి తెచ్చి, డీఎన్‌ఏ గుర్తులు చూసుకుంటూ వడకట్టి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేశారు. అందులో జన్యుమార్పిడి లేదు, దాని మీద రగడా లేదు. అంత చక్కటి పనికి రావాల్సినంత పేరు రాలేదని నా బాధ.

కమల కథ వేరు. వరి మొక్కలో సైటోకైనిన్ అని ఒక హార్మోను ఉంటుంది. అది ఎక్కువుంటే కంకికి గింజలు ఎక్కువ కడతాయి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసే జన్యువు ఒకటుంది. శాస్త్రవేత్తలు క్రిస్పర్ అనే సాధనంతో ఆ జన్యువును ఒకచోట తెంపారు. కణం ఆ తెగిన చోటును తనే అతుక్కుంటుంది. అతుక్కునేటప్పుడు రెండు మూడు అక్షరాలు అటూ ఇటూ అయి ఆ జన్యువు పనిచేయడం మానేస్తుంది. కోతకు వాడిన సాధనాన్ని ముందు మొక్కలోకి పంపక తప్పదు గానీ, తర్వాతి తరాల్లో అది లేని మొక్కలను ఏరుకుంటారు. చివరికి చేతికొచ్చిన వడ్లలో పరాయి జన్యువు ఉండదు. దిగుబడి 19 శాతం ఎక్కువని, 20 రోజులు ముందే కోతకొస్తుందని సంస్థ చెబుతోంది. 20 రోజులంటే చివరి తడులు మిగిలినట్టే. కాలువ చివరి ఆయకట్టు రైతుకు అది చిన్న సంగతి కాదు.

ఇంత మంచిదైతే నా గొడవేమిటంటారా? 2022 మార్చి 30న పర్యావరణ శాఖ ఒక ఆఫీసు మెమో విడుదల చేసింది. పరాయి జన్యువు మిగలని ఇలాంటి సవరణలకు 1989 నియమాల్లోని 7 నుంచి 11 దాకా వర్తించవని అందులో ఉంది. అంటే జీఈఏసీ గడప తొక్కనక్కర్లేదు. పరాయి జన్యువు లేదని సంస్థలోని జీవభద్రతా కమిటీ నిర్ధారించి పైకి పంపితే చాలు. ఆ కమిటీలో ప్రభుత్వం నియమించిన బయటి మనిషి ఒకరుంటారు, నిజమే. అయినా పరీక్ష రాసిన బడిలోనే పేపర్లు దిద్దుకున్నట్టుంది. నియమాలు తెచ్చింది గెజిట్‌లో, వాటి నుంచి మినహాయింపు ఇచ్చింది మెమోతో. ఏ సంతోష్‌నగర్‌లోనూ సభ జరగలేదు.

సహజంగా మొక్కల్లో వచ్చే మార్పులకూ దీనికీ తేడా లేదని శాస్త్రవేత్తలు వాదిస్తారు. అందులో చాలా నిజముంది. రేడియేషన్‌తో విత్తనాలను మార్చినప్పుడు ఎవరూ అనుమతి అడగలేదు కూడా. అయితే కమల దిగుబడి లెక్కల మీదే 2025లో వివాదం రేగింది. సంస్థ సొంత పరీక్షల్లోని అంకెలు ప్రకటించిన గొప్పలతో సరిపోలడం లేదని జీఎం రహిత భారత్ కూటమి ఆరోపించింది. ఆ సంస్థకు పైనున్న ఐసీఏఆర్ అదేం లేదని తోసిపుచ్చింది. ఎవరిది నిజమో తేల్చుకోవడానికి మీకూ నాకూ మార్గమేది? బీటీ వంకాయ అప్పుడు కోర్టు చెప్పిన మీదటే కంపెనీ పరీక్షల కాగితాలు బయటికొచ్చాయి. ఈసారి కంపెనీ కాదు, మన పన్నులతో నడిచే సంస్థ. దాచుకోవాల్సిన వ్యాపార రహస్యమంటూ ఏముంటుంది?

రహస్యం లేకపోయినా పేటెంటు ఉంది. క్రిస్పర్ మీద హక్కులు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఈ మాట వినగానే 2006 గుర్తొస్తుంది. 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ మీద ఒక్క జన్యువు రుసుమే 1,250 రూపాయలు వసూలు చేస్తుంటే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్‌కెక్కి, చివరికి ప్యాకెట్ ధరను 750కి దింపించింది. దేశంలో మిగతా రాష్ట్రాలు మన వెనకే వచ్చాయి. సాంబ మసూరి విత్తనానికి రైతు ఇప్పటిదాకా ఎవరికీ రాయల్టీ కట్టలేదు. రేపు కడతాడా, కడితే ఎవరికి, ఎంత అన్నది కూడా జీవభద్రతతో పాటు ముందే మాట్లాడుకోవాల్సిన సంగతే.

ఆహార భద్రత పేరు చెప్పి తొందరపెట్టేవాళ్లకు ఒక లెక్క. 2024-25లో మన దేశం 15 కోట్ల టన్నుల బియ్యం పండించింది. ఎగుమతుల్లో మనదే మొదటి స్థానం. తలాబ్‌కట్టలోనో ఈదీబజార్‌లోనో ఒక ఇంట్లో సాయంత్రం పొయ్యి వెలగలేదంటే అది పొలంలో వడ్లు పండక కాదు, ఇంటాయనకు ఆరోజు పని దొరక్క. ఆ ఇంటికి 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తోంది. దొడ్డుబియ్యాన్ని అమ్ముకునే రోజులు పోయి, వండుకు తినే బియ్యం వచ్చిందని జనం సంతోషించారు. నాకూ సంతోషమే. ఆ సన్నబియ్యం గింజల్లో రేపు కమల కలవబోతుందనుకోండి. సూపర్ మార్కెట్‌లో కొనుక్కునేవాడు వేరే సంచీ వెతుక్కుంటాడు. రేషన్ షాపు వరుసలో నిలబడ్డ మనిషికి ఏరుకునే వీలేది? ముందుగా చెప్పించుకోవాల్సిన హక్కు ఆ మనిషిదే కదా.

2024 జులై 23న జీఎం ఆవాల కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ అనుమతి విషయంలో చెరో దారి పట్టారు. ఒక్కదానిలో మాత్రం కలిశారు. జన్యుమార్పిడి పంటల మీద జాతీయ విధానం తయారు చేయండి, రాష్ట్రాలనూ రైతు ప్రతినిధులనూ అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి అన్నారు. ఇదే ఆవాల విషయంలో 2016లో జనాభిప్రాయం ఎలా అడిగారో వినండి. ముప్పై రోజులు గడువు. సారాంశం వెబ్‌సైటులో. పూర్తి కాగితాలు కావాలంటే మాత్రం ముందుగా చెప్పి ఢిల్లీలో మంత్రిత్వ శాఖ ఆఫీసుకు పోయి, అక్కడే కూర్చుని చదువుకోవాలి!

కమల కాగితాల కోసం మనం ఢిల్లీ రైలెక్కనక్కర్లేదు. బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కితే ఆరాంఘర్‌లో దిగుతాం, రాజేంద్రనగర్ అక్కడే. ఆ కాస్త దూరం కూడా జనాన్ని తిప్పకుండా, ఏ ఊళ్లో ఏ సీజన్‌లో ఎంత పండింది, కమిటీ ఏం పరీక్షించింది, ఏం పరీక్షించలేదు అన్నవి తెలుగులో, ఉర్దూలో పెట్టమని సంస్థకు ఒక ఆర్టీఐ దరఖాస్తు రాశాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, మొన్న సోమవారం పోస్టు చేశాను.